నాన్నమ్మ క్యాసెట్టుకి కొత్త డబ్బా

బరంపురంలో మా ఇంటి ముందు గదిలో గోడవార ఒక టేకు బల్ల ఉంది. దాని మీద నాన్న 1984లో కలకత్తా నుంచి తెప్పించుకున్న ఆంప్లిఫయరు, పక్కన రికార్డు ప్లేయరు, బల్లకి అటూ ఇటూ నడుమెత్తు స్పీకర్లు. ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి అదొక్కటే స్టీరియో. బ్యాంకులో లోను పెట్టి కొన్నారట. "పాట వినడానికి అప్పా?" అని తాత రెండ్రోజులు నాన్నతో మాట్లాడలేదట. తరవాత ఘంటసాల భగవద్గీత రికార్డు తెచ్చి పెడితే, మగ్గం గుంటలోంచి లేచొచ్చి, గుమ్మంలో కూచుని, రెండు వైపులా విని, ఏమీ అనకుండా మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయారట. ఇన్ని "ట"లు ఎందుకంటే మేం ముగ్గురం అప్పటికి చిన్నపిల్లలం, చెల్లెలైతే పుట్టనే లేదు.

తాత 1991లో పోయారు. ఆయనవి రెండు ఫోటోలున్నాయి. గొంతు లేదు. అలా అనుకుంటూ వచ్చేం ఇన్నాళ్ళూ.

నాన్నమ్మది మాత్రం ఉంది. 1989లో మా బాబాయి సూరత్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు ఒక టూ-ఇన్-వన్ తెచ్చేడు. ఇక్కణ్ణుంచి సూరత్ మిల్లులకి ఎంతమంది వెళ్ళేరో మన గంజాం వాళ్ళకి చెప్పక్కర్లేదు. వాళ్ళు తెచ్చే సామాన్లలో టేప్ రికార్డరు మొదటిది. దాన్ని నడవలో పెట్టి, తొంభై నిమిషాల క్యాసెట్టు ఒకటి వేసి, నాన్నమ్మ చేత కబుర్లు చెప్పించేడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే అయి, మన జిల్లా మద్రాసు నుంచి తెగి అందులో కలిసినప్పుడు ఆవిడకి పదేళ్ళు. ఆ రోజు ఊళ్ళో ఏమనుకున్నారో, ఠాకురాణి యాత్రలో రాత్రిపూట ఘటాలు తిరుగుతుంటే పిల్లలు ఎలా నిద్రాపుకునేవారో, మనవాళ్ళు ఏ ఊరు నుంచి వచ్చేరో, అన్నీ చెప్పింది. మా వంశవృక్షం మొదటి పేజీలో "పూర్వీకులు పొందూరు నుంచి వచ్చినవారు" అని రాసుకున్నది ఆ క్యాసెట్టు నమ్ముకునే.

క్యాసెట్టుకి ఇప్పుడు బూజు పట్టి, టేపు చుట్టకి చుట్ట అంటుకుపోయింది. మళ్ళీ తిరగదు. అదృష్టం ఏమిటంటే బాబాయి కొడుకు 2016లోనే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేడు. ఎక్కించి రెండు పనులు చేసేడు. ఉన్నది ఉన్నట్టుగా పెద్ద ఫైలు ఒకటి పెన్‌డ్రైవులో దాచేడు. రెండోది, బుస్సుమనే చప్పుడు తీసేసి, కింది గుబగుబ అంతా కోసేసి, చిన్న ముక్కలు చేసి చుట్టాలందరికీ ఫోన్లో పంపేడు. అందరం ఆ ముక్కలే విన్నాం. పెన్‌డ్రైవు బీరువాలో చీరల కింద ఉండిపోయింది.

నాన్నకి ఇప్పుడు డెబ్భై ఎనిమిది. పై స్వరాలు వినపడడం తగ్గింది. కాలింగ్ బెల్లు మోగితే తెలీదు, తలుపు బాదితే తెలుస్తుంది. ఫోన్లో నాన్నమ్మ ముక్క పెడితే చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు విని, తిరిగి ఇచ్చేశారు. "ఇది మా అమ్మ గొంతు కాదు. చిలక మాటాడినట్టుంది" అన్నారు. నిజమే. ఫోను స్పీకరులో కింది స్వరాలు రానే రావు, పైవి ఆయనకి వినపడవు. ఇక మిగిలేది ఎంత? "నా పెట్టెలో పెట్టండి, వింటాను" అన్నారు.

ఇదంతా అక్కడ మొదలైంది.

మొదట పాత ల్యాప్‌టాప్ తెచ్చి, హెడ్‌ఫోను చిల్లులోంచి తీగ లాగి ఆంప్లిఫయరుకి తగిలించేం. గదంతా "గుం" అని ఒకటే హోరు. ఆ హోరు పైన సన్నగా కీచుమని ఇంకోటి. మౌసు కదిలిస్తే ఆ కీచు కూడా కదులుతుంది. వీటి వెనకాల ఎక్కడో నాన్నమ్మ. క్యాసెట్టు పాడైపోయిందనుకున్నాం. "పోన్లెండి, ముప్పై అయిదేళ్ళు దాటింది కదా" అని సర్దుకోబోయేం కూడా.

పాడైంది క్యాసెట్టు కాదని అనుకోకుండా తెలిసింది. చార్జరు వైరు ఎవరి కాలికో తగిలి ఊడింది. హోరు టక్కున ఆగింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి రెండు నిమిషాల్లో అదీ ఆరిపోయింది, కానీ ఆ రెండు నిమిషాలూ కీచు తప్ప హోరు లేదు. అంటే హోరు టేపులోది కాదు, మన గోడలోది. చార్జరూ ఆంప్లిఫయరూ రెండూ కరెంటుకి తగిలి ఉన్నప్పుడు, వాటిని కలిపే పాట తీగ గుండా కొంచెం కరెంటు దొంగదారిన తిరుగుతుంది. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. అదే 50, దాని మీద 100, 150. ఆ గుంకారం అంతా ఇదే. కీచు సంగతి వేరు. ల్యాప్‌టాప్ లోపల వందరకాల పనుల మధ్య, ఒకే పలక మీద, పాటని తయారుచేసే చిన్న చిప్పు కూడా ఇరుక్కుని ఉంటుంది. పక్కవాటి రొద దానికి అంటుకుంటుంది.

ఆ చిప్పునే డాక్ అంటారు. పూర్తిపేరు డిజిటల్ టు ఎనలాగ్ కన్వర్టరు. ఫోన్లో ఉంటుంది, టీవీలో ఉంటుంది, 1982లో వచ్చిన మొట్టమొదటి సీడీ ప్లేయర్లలోనూ ఉంది. ఫైల్లో ఉండేది పాట కాదు, అంకెలు. సీడీ లెక్క ప్రకారం సెకనుకి 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కో కొలతనీ 65,536 మెట్లలో ఒక మెట్టుగా రాసుకుంటారు. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాటి వినలేదు. దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ సార్లు కొలిస్తే చాలు. ఆ అంకెల్ని తిరిగి ఊగే కరెంటుగా మార్చి ఆంప్లిఫయరుకి ఇచ్చేదే డాక్. ల్యాప్‌టాప్ కడుపులోని చిప్పుని వదిలేసి, బయట విడిగా ఒక డబ్బాలో పెట్టుకుంటే రొద ఉండదు. కొత్త డబ్బా కొనడం వెనక సంగతి ఇంతే.

నాన్నకి ఇది చెప్పడానికి చెల్లెలు ఒక పోలిక వెతికింది. చీర అంచు డిజైను మొదట గళ్ళ కాయితం మీద గీస్తారు కదా, గడి గడికీ నిండిందా ఖాళీయా అని. నేతగాడు దాన్ని చూసి పట్టులోకి దించుతాడు. డాక్ కూడా ఆ నేతగాడే అంది. నాన్న ఒప్పుకోలేదు. "బట్టలో దగ్గరికెళ్తే గడులు కనిపిస్తాయమ్మా. ఏటవాలు గీతయినా మెట్లు మెట్లుగానే ఉంటుంది. మరి పాటలో మెట్లు వినపడవా?" అన్నారు. వినపడవు. మెట్లని నున్నగా చేసే వడపోత ఆ డబ్బాలోనే ఉంటుంది. బయటికి వచ్చేది మెలికలు తిరిగే నున్నటి గీతే. ఇది తెలుసుకుని చెప్పడానికి మాకు వారం పట్టింది.

డబ్బా కొనడంలో పెద్ద కథ లేదు. అరచెయ్యంత ఉంది, ఆరు వేలకి కొంచెం తక్కువ. వెనకాల యూఎస్‌బీ దారి, ఆప్టికల్ దారి, బయటికి ఎరుపు తెలుపు మూతుల జత. డబ్బా మీద 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని బంగారు అక్షరాలు. వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. క్యాసెట్టులో బుస్సుకీ పెద్ద గొంతుకీ మధ్య ఉండే ఎడం అరవై డెసిబెల్స్ దాటడం కష్టం. సీడీ లెక్కలోని 16 బిట్లకే 96 డెసిబెల్స్ పడుతుంది. కుంచెడు బియ్యానికి గరిసె కట్టక్కర్లేదు.

కథ తగిలించడంలో ఉంది. మా ఆంప్లిఫయరు వెనక ఎరుపు తెలుపు సాకెట్లు లేవు. ఆ కాలం సెట్లలో చాలావాటికి ఉన్నట్టే గుండ్రటి సాకెట్టు, అందులో అయిదు చిల్లులు. డిన్ సాకెట్టు అంటారు. బొడొ బజారులో ఒక మెకానిక్కు దగ్గర దానికి సరిపడే తీగ చేయించుకొచ్చేం. తగిలిస్తే ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు పాట. వాల్యూము పూర్తిగా తిప్పినా అంతే. డబ్బా పనికిరానిదని తిట్టుకున్నాం. చివరికి నాన్న ఆంప్లిఫయరుతో వచ్చిన నలభై ఏళ్ళ నాటి కాయితం బయటికి తీసేరు. ఆయన ఏ కాయితమూ పారెయ్యరు, అమ్మకి దాని మీద ఎప్పుడూ గొడవే. అందులో బొమ్మ ఉంది. టేప్ సాకెట్టులో 3, 5 చిల్లులు పాట లోపలికి రావడానికి. 1, 4 చిల్లులు ఆంప్లిఫయరులోంచి రికార్డింగుకి బయటికి పోవడానికి. 2 ఎర్తు. మెకానిక్కు 1కీ 4కీ అతికేడు. పాపం అతను ఇలాంటి సాకెట్టు చూసి ఎన్నేళ్ళయిందో. మళ్ళీ ఓపిగ్గా విప్పి అతికించి, డబ్బులు తీసుకోలేదు. మీ ఇంట్లో పాత సెట్టు ఉంటే ఈ రెండంకెలూ రాసి పెట్టుకోండి, 3, 5.

అది సరిచేసేక వాల్యూము గుండీ కాస్త తిప్పేసరికే గది నిండింది. కీచు పోయింది. హోరు? అలాగే ఉంది.

ఇక్కడ మాకు నిజంగా నీరసం వచ్చింది. ఆరు వేలు పెట్టి సగం జబ్బు నయం చేసుకున్నట్టయింది. ఆలోచిస్తే తప్పు మాదే. యూఎస్‌బీ తీగ కూడా రాగి తీగే. చార్జరు కరెంటు దొంగదారి ఇప్పుడు దాని గుండా వెళ్తోంది, అంతే తేడా. దారి తెంపాలంటే రాగి లేని తీగ కావాలి. ఆప్టికల్ తీగ అంటే అదే, అందులో వెళ్ళేది వెలుతురు. మా ల్యాప్‌టాప్‌కి ఆ చిల్లు లేదు, టీవీకి ఉంది. పెన్‌డ్రైవు టీవీకి పెట్టి, టీవీ నుంచి డబ్బాకి ఆప్టికల్ వేసేం. చప్పుడే రాలేదు. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ "ఆటో" అని ఉంటే "పీసీఎమ్" అని మార్చాలి. సినిమాలకి వాడే డాల్బీ మూట కట్టి పంపితే ఈ చిన్న డబ్బా విప్పలేదు, విడి అంకెలే కావాలి. మార్చేం. పాట వచ్చింది, సన్నగా హోరూ వచ్చింది! ఈసారి దొంగ ఎవరంటే, డబ్బాకి కరెంటు టీవీ యూఎస్‌బీలోంచే ఇచ్చేం. వెలుతురు దారి పెట్టి, పక్కనే రాగి దారి మళ్ళీ మేమే కట్టేం. ఆ తీగ పీకి, ఫోన్లకి వాడే పవర్ బ్యాంకు తగిలించేం.

ఏమీ లేదు. సెట్టు ఆన్లో ఉందో లేదో దీపం చూస్తే గాని తెలీనంత నిశ్శబ్దం.

నాన్నని పిలిచేం. ఆయన కుర్చీ రెండు స్పీకర్లకీ నడిమధ్యకి లాక్కుని, పంచె సర్దుకుని కూచున్నారు. బాబాయి కొడుకు దాచిన పెద్ద ఫైలు పెట్టేం, ఏమీ కొయ్యనిది. ముందు టేపు బుస్సు. అది నిజంగా టేపుదే, ఏ డబ్బా దాన్ని తీసెయ్యదు, మాకూ తియ్యాలనిపించలేదు. తరవాత బాబాయి దగ్గు. తరవాత నాన్నమ్మ, "ఏటి మాటాడమంతావురా" అని. అది చిలక గొంతు కాదు. రొమ్ములోంచి వచ్చే గొంతు. నాన్న కళ్ళు మూసుకున్నారు.

కాని ఇంకో చప్పుడు ఉంది. టక్, ధబ్. టక్, ధబ్. స్పీకరు కాయితాలు కూడా కొంచెం అదురుతున్నాయి. మళ్ళీ ఏదో పాడైందని తమ్ముడు లేచి డబ్బా వైపు నడిచేడు. నాన్న చెయ్యెత్తి ఆపేరు.

"ముట్టుకోకు. అది మా నాన్న."

మాకు అర్థం కాలేదు. "మగ్గం రా" అన్నారు. "టక్ అంటే నాడె అవతలి గోడకి తగలడం. ధబ్ అంటే అచ్చు దెబ్బ. మా నాన్న దెబ్బ ఒకటే ఉండేది, గట్టిగా. పక్కింట్లో వాళ్ళు రెండు చిన్న దెబ్బలు వేసేవారు." నడవకి ఆనుకునే మగ్గం గది. నాన్నమ్మ కబుర్లు చెప్తున్నంతసేపూ తాత అవతల నేస్తూనే ఉన్నారన్నమాట. ఫోన్ ముక్కల్లో అది లేదు, కింది గుబగుబ అని కోసేసిన దాంట్లో పోయింది. మా మొదటి ప్రయత్నాల్లో అది లేదు, కరెంటు హోరు సరిగ్గా ఆ స్వరాల దగ్గరే కూచుని దాన్ని మింగేసింది. తలుపు బాదితే తప్ప వినపడని మనిషికి అది మాకన్నా ముందు వినపడింది.

ఆ పైన మేం నాన్నమ్మ మాటలు వినలేదంటే తప్పు కాదు. మగ్గమే విన్నాం. కండె అయిపోయినప్పుడు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. దారం తెగితే ఎక్కువసేపు ఆగుతుంది. నాన్న ప్రతి ఆగుడికీ కారణం చెప్తున్నారు. ఇలా ఇరవై నిమిషాలు దాటేక నాన్నమ్మ ఊరి మాటకొచ్చింది. మాకు కంఠతా వచ్చిన మాటే. "మనోల్లు పొందూరోల్లు. బళ్ళు కట్టుకోని ఈ పక్కకొచ్చీసినారు."

మగ్గం ఆగింది.

దూరం నుంచి, తలుపు అవతలి నుంచి, మగ గొంతు. చాలా చిన్నగా. "పొందూరు కాదే. పొందూర్లో ఆగినారంతే. ముందు..."

దాని మీద నాన్నమ్మ, మైకు పక్కనే ఉంది కాబట్టి, గట్టిగా: "నీకేటి తెల్సు, ఊరుకో. పిల్లడు రికాటు సేత్తన్నాడు."

రెండు క్షణాలు ఏమీ లేదు. తరవాత టక్, ధబ్.

ఆ మూడు ముక్కలూ ఎన్నిసార్లు పెట్టేమో లెక్కలేదు. "ముందు" తరవాత ఇంకో అక్షరం ఏదో ఉంది. "బ" అని పెద్దన్నయ్య, "వ" అని చెల్లెలు. నాన్న దేనికీ తలాడించలేదు. "మా నాన్న నాతో ఎప్పుడూ ఈ మాట చెప్పలేదు, నేను అడగలేదు" అన్నారు, అంతే. కాసేపయ్యేక, "వాల్యూము కొంచెం పెంచు" అన్నారు. పెంచితే నాన్నమ్మ అరుపే పెరిగింది.

విశాఖపట్నంలో ఉన్న మేనత్తకి ఫోను చేసేం. ఫోను స్పీకరు ముందు పెట్టి వినిపిస్తే ఆవిడకి మగ్గమూ వినపడలేదు, తాతా వినపడలేదు. "ఏటన్నియ్యా, నాన్న మాటాడేడా? నిజంగానే?" అని మూడుసార్లు అడిగింది. రికార్డు చేసి పంపుతామంటే వద్దంది. "ఆ ఫోన్లో నేను వినను. వొచ్చి ఆ కుర్చీలో కూచుని వింటాను. పొందూరు ముందు ఏ ఊరో నాకు గుర్తొస్తాదేమో, మా నాన్న నన్నెత్తుకోని ఏదో పేరు చెప్పేవోడు" అంది.

వంశవృక్షం మొదటి పేజీ ఇంకా మార్చలేదు. ఫైలు మూడు చోట్ల కాపీ చేసి పెట్టేం. తొంభై నిమిషాలకీ 950 ఎం.బి. దాకా అయింది, కొయ్యకుండా, పిండకుండా. బి సైడు ఎవరం ముట్టుకోలేదు. దసరాకి వస్తాననీ, తను వచ్చేదాకా ఆగమనీ అత్త ఒట్టు పెట్టించుకుంది.